సోలెడు తవుడు

సోమవారం ప్రార్థన పిల్లల చేతికి ఇచ్చేస్తున్నానని హెడ్మాస్టరు గణపతిరావుగారు చెప్పిన రోజే నేను స్టాఫు రూములో అన్నాను, ఇది ఎవరిదో ఒకరి కొంప ముంచుతుందని. ఎవరి కొంపో మాత్రం అప్పటికి నాకు తెలీదు.

నేను ఆ స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. జగన్నాధం మేస్టారంటే పిల్లలకు హడల్. ప్రార్థన నా సొత్తు. ఈల నాది, వరసలు నావి, వరస వంకరైతే బెత్తం కూడా నాదే. ఆమదాలవలసలో కాపురం పెట్టి, రోజూ నాలుగు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ స్కూలుకు వచ్చేవాణ్ణి. వరి పండించే ఊళ్ల పిల్లలు, రైల్వే ఉద్యోగుల పిల్లలు, సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి వచ్చి ఎవరి పంచనో ఉండి చదువుకునే పిల్లలు, అంతా కలిసి నాలుగు వందల మంది దాకా ఉండేవారు.

అరవై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో మంచినీళ్ల కుండ దగ్గర గొడవైంది. జాలరి పల్లెవాళ్ల పిల్లలు తాగిన గ్లాసు చేపల కంపు కొడుతోందని రైతుల పిల్లలు దాన్ని తుప్పల్లోకి విసిరేశారు. పల్లె పిల్లలు కుండే పగలగొట్టేశారు. నన్నడిగితే రెండు పక్షాలకీ తలా నాలుగు తగిలిస్తే తీరిపోయేది. గణపతిరావుగారు ఖద్దరు మనిషి, ఆయనకు దెబ్బలంటే గిట్టదు. రెండు వైపుల నుంచీ అయిదుగురిని ఏరి ఒక జట్టు కట్టారు. ప్రతి సోమవారం ప్రార్థన ఆ జట్టే నడపాలి. వారానికొకరు ముందుకొచ్చి తామెవరో, తమవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో, తమకా పేరు ఎలా వచ్చిందో నలుగురికీ చెప్పాలి.

"ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలీకే ఈ కొట్లాటలన్నీ, జగన్నాధంగారూ" అన్నారాయన.

తెలిస్తే ఇంకా ఎక్కువ కొట్టుకుంటారని నా ఉద్దేశం. పైకి మాత్రం "చిత్తం" అన్నాను.

మొదటి సోమవారం జట్టు పెద్ద అసిరయ్య మాట్లాడాడు. రైతుబిడ్డ, పదకొండో తరగతి. వంశధార వరదకు ఊరు కొట్టుకుపోతే వాళ్ల తాత శ్రీముఖలింగం అవతల నుంచి ఎడ్లబండి మీద వచ్చి ఇక్కడ పడ్డాడట. "మావూ వలసొచ్చినోలమే. కాపోతే కొంచెం ముందొచ్చినాం" అన్నాడు. ఈ నేల తాతముత్తాతల నాటి నుంచీ తమదే అనుకుంటున్న పిల్లలు మొహాలు చూసుకున్నారు.

రెండో సోమవారం కూర్మమ్మ వచ్చింది. పదో తరగతి. పల్లె నుంచి మా హైస్కూలు దాకా వచ్చిన ఆడపిల్ల అదొక్కతే. గాలివానలో చిక్కిన వాళ్ల నాయన మూడో రోజున శ్రీకూర్మం దగ్గర ఒడ్డు చేరాడని, ఆ వారంలోనే తను పుట్టిందని చెప్పింది. చివర్న గ్లాసు విసిరిన కుర్రాళ్ల వైపు తిరిగింది. "మా ఒంటికి సేపల కంపే. ఆ కంపు నేకపోతే ఆ పూట మా ఇంట్ల కూడు నేదన్నమాట" అంది. నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు కూడా నోరు మూసుకున్నారు.

అప్పటి నుంచి పిల్లలకు ఇదొక పిచ్చి పట్టుకుంది. ఆదివారం వస్తే జట్టు చుట్టుపక్కల ఊళ్ల మీద పడేది. ముసలివాళ్ల దగ్గర కూర్చుని అడిగి, ఒక నోటు పుస్తకంలో రాసుకొచ్చేవారు. పుస్తకం కూర్మమ్మ దగ్గర ఉండేది. నేను వరండాలో అటువైపు వెళితే మాటలు ఆగిపోయేవి. కూర్మమ్మ నన్ను చూసి పుస్తకం గుండెకు ఆనించుకుని తల దించేది. మిగతా పిల్లలు నన్ను చూసి భయపడతారు, అది మామూలే. దీని చూపులో భయం లేదు. నా గురించి ఏదో తెలిసినట్టు, తెలిసి జాలిపడుతున్నట్టు ఉండేది. ఆ చూపు నాకు రాత్రిళ్లు అన్నం సయించనిచ్చేది కాదు.

నాలుగో సోమవారం ఏడో తరగతి గుంటడొకడు వచ్చి నిలబడ్డాడు. పేరు తవుడు. "మా యమ్మకి ముందు పుట్టినోలు బతకనేదు. అందికని నన్ను తవుడికి అమ్మీసినారు" అన్నాడు. పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే పిల్లలు గొల్లున నవ్వారు. అంతే, వరసల్లోంచి చేతులు లేచాయి. నన్నూ అమ్మీసినారు, మా అన్ననీ అమ్మీసినారు అని. గణపతిరావుగారి మొహం వెలిగిపోయింది. అలాంటివాళ్లందరి సంగతీ, ఎవరు ఎవరిని కొన్నారో, పెద్దా చిన్నా లేకుండా రాయమని జట్టుకు పని అప్పజెప్పారు. నేను వేళ కాకుండానే ఈల ఊదేశాను.

ఎందుకు ఊదానో చెప్పేస్తాను, ఇప్పుడు దాచి ఏం లాభం.

నా పేరు జగన్నాధం కాదు. అది ఎస్సెల్సీ ఫారం నింపేటప్పుడు నేను పెట్టుకున్న పేరు. అమ్మ పెట్టింది తవిటయ్య. నాకు ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టిన పదకొండో రోజున నన్ను చేటలో పడుకోబెట్టి గుమ్మంలో పెట్టుకుని కూర్చుంది. వీధిలో చేపల గంపతో వచ్చిన ఒక పడుచును పిలిచి, నన్ను అమ్మేసింది. ఆ మనిషి గంప దించి, పక్కింట్లో అడిగి తెచ్చిన సోలెడు తవుడు మా అమ్మ కొంగులో పోసి, నన్ను ఎత్తుకుని మూడడుగులు వీధిలోకి నడిచి, వెనక్కి వచ్చిందట. "ఈ గుంటడు నావోడు. మీరు పెంచండి" అని అమ్మ చేతిలో పెట్టిందట. చావు మా గడప తొక్కి వెతికినా, ఆ ఇంటి బిడ్డ ఆ ఇంట్లో లేడన్నమాట. నేను బతికాను.

ఆవిడ పేరు బుల్లమ్మ. నాకు పదేళ్లు వచ్చేదాకా వారానికోసారి గంపతో వచ్చి, గుమ్మంలోంచే "నా కొడుకేడీ?" అని కేకేసేది. నేను ఆడుతున్న చోటి నుంచి పరిగెత్తుకెళ్లి ఒళ్లో కూర్చునేవాణ్ణి. కొంగున కట్టుకొచ్చిన రొయ్యపప్పు నోట్లో పెట్టేది. తర్వాత నేను చదువుకున్నాను, ట్రైనింగు అయ్యాను, విజయనగరం పట్నం పిల్ల తాయారును చేసుకున్నాను. మా వైపు, అలా అమ్ముడుపోయినవాడి పెళ్లిలో కొన్న తల్లికి ముందు చీర పెట్టి, ఆ తర్వాతే కన్న తల్లికి పెడతారు. బుల్లమ్మ ఉతికిన చీర కట్టుకుని పందిట్లో ఒక మూల నిలబడింది. ఆవిడెవరని తాయారు అడిగింది. చేపలమ్మి అన్నాను. బుల్లమ్మకు వినపడింది. చీర ఇప్పించలేదు. మళ్లీ ఆవిడ మా గుమ్మం తొక్కలేదు.

ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. అరవై ఎనిమిది జూన్లో స్కూలు వెనక బజారులో ఒక వసారా అద్దెకు తీసుకుని ఎండుచేపలు పెట్టుకున్న ముసలమ్మ కనబడింది. బుల్లమ్మే. కూర్మమ్మ ఆవిడ మనవరాలు, కొడుకు కూతురు. పిల్ల చదువు కోసం వచ్చిందని అందరూ అన్నారు. నేను నమ్మలేదు. ఇన్ని హైస్కూళ్లుండగా నేను పనిచేసే చోటికే ఎందుకు రావాలి? ఏదో ఒక రోజు నలుగురిలో నా చెయ్యి పట్టుకుని "నా కొడుకు" అనడానికే వచ్చిందనుకున్నాను. ఆ రోజు నుంచి సైకిలు వేరే దారిన తిప్పాను. ఇప్పుడేమో మనవరాలి చేతిలో పుస్తకం, అందులో కొన్నవాళ్ల పేర్లు, కొనబడ్డవాళ్ల పేర్లు. ఏ సోమవారమో నా వంతు రాక తప్పదు. తవుడుకు అమ్ముడుపోవడం నామోషీ కాదు, మా వైపు ఊరికి పదిమంది ఉంటారు. తల్లిని చేపలమ్మి అన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

గణపతిరావుగారి దగ్గరకు వెళ్లి, కాలం బాగులేదండీ అన్నాను. ఏజెన్సీ కొండల్లో గిరిజనుల తిరుగుబాటు ముదురుతోంది, దాని వెనక బడి పంతుళ్లున్నారని మాస్టర్ల మీదా విద్యార్థి సంఘాల మీదా పోలీసులు కన్ను వేశారు, ఈ సమయంలో పిల్లలు ఊళ్లు తిరగడం మంచిది కాదు అని చెప్పాను. ఆయన నవ్వి, "తాతల పేర్లు అడిగితే అరెస్టు చేస్తారా?" అన్నారు.

ఆ సాయంత్రం గేటు దగ్గర టీ హోటల్లో కొత్త ఎస్సై కూర్చుని ఉన్నాడు. కృష్ణా వైపు మనిషి, వచ్చి నెల కాలేదు. ఎదురుగా కూర్చున్నాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మా స్కూలు పిల్లలు ఆదివారాలు ఊళ్లు తిరుగుతున్నారండీ, ఇళ్లలో కూర్చుని పుస్తకంలో ఏవో రాసుకుంటున్నారు" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అందులో అబద్ధం లేదని ఇంటికి పోతూ నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగు గద్దింపులు గద్దిస్తే సోమవారం తతంగం ఆగిపోతుంది, నా గుట్టు నా దగ్గరే ఉంటుంది. నాకు కావలసింది అంతే.

తరవాతి సోమవారం ప్రార్థన ముగియకుండానే జీపు వచ్చింది. ఎస్సై తిన్నగా కూర్మమ్మ దగ్గరకు వెళ్లి పుస్తకం లాక్కున్నాడు. హెడ్మాస్టరు గదిలోకి నన్ను కూడా రమ్మన్నాడు. గణపతిరావుగారు, కూర్మమ్మ, నేను నిలబడ్డాం. ఎస్సై కూర్చుని పేజీలు తిప్పాడు. మధ్యలో ఒకసారి నా వైపు చూసి తల ఊపాడు. ఆ ఊపు గణపతిరావుగారు చూశారేమోనని ఆయన వైపు చూశాను.

"తవిటమ్మ, సోలెడు తవుడు. పెదతవుడు, గిద్దెడు తవుడు. పక్కన కొన్నవాళ్ల పేరు, ఊరి పేరు" అని చదివాడు ఎస్సై. "ఏమిటండీ ఈ తవుడు? తూటాలా?"

గణపతిరావుగారు ఓపిగ్గా ఆచారమంతా విడమరిచి చెప్పారు. ఎస్సై సగం నమ్మాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు.

"సరే, ఇదేమిటి మరి? 'మేస్టారు. సోలెడు తవుడు. బుల్లమ్మ.' అందరికీ పేర్లున్నాయి, ఊళ్లున్నాయి. ఈయనకు పేరు లేదు. ఎవరీ మాస్టారు?"

కూర్మమ్మ నేల చూపులు చూసింది.

"మాకు కావలసింది మాస్టర్లేనమ్మాయ్. పేరు దాచుకు తిరిగే మాస్టర్లు. ఎవరాయన? ఎక్కడ కలుస్తారు మీరు?"

"నాను సెప్పను" అంది కూర్మమ్మ.

చెప్పలేనని కాదు, చెప్పనని. గణపతిరావుగారు బతిమాలారు. అది నోరు విప్పలేదు. చెప్పకపోతే స్టేషనుకు తీసుకుపోతానని, ఆ పైన ఏ స్కూలూ చేర్చుకోదని ఎస్సై అన్నాడు. పల్లె పిల్ల పోలీసు స్టేషను మెట్లెక్కితే మళ్లీ చదువన్న మాట ఉండదు. ఆ సంగతి ఆ గదిలో అందరికంటే కూర్మమ్మకే బాగా తెలుసు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే నేను దొరికిపోతానని చూడలేదు.

"జగన్నాధంగారూ, మీరీ ప్రాంతం మనిషి కదా. మీకేమైనా తెలుసా?" అన్నారు గణపతిరావుగారు.

"నాకు తెలీదండి" అన్నాను.

బుల్లమ్మంటే ఆ పిల్ల నానమ్మేనని గణపతిరావుగారు చెబితే, ఎస్సై కానిస్టేబులును బజారుకు పంపి ఆవిణ్ణి రప్పించాడు. నెత్తి మీద గంపతోనే వచ్చింది. గది బయట దాన్ని దించి, చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి వచ్చింది. ఆవిడ మొహం ఇంత దగ్గరగా చూసి ఇరవై ఏళ్లయింది. దవడలు పీక్కుపోయాయి. ఒక కంటికి పొర కమ్మింది. మనవరాలిని చూసింది, నన్ను చూసింది, ఎస్సైని చూసింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయినట్టుంది.

"నువ్వు కొన్న పిల్లాడు ఎవరు? ఇప్పుడు మాస్టారై ఎక్కడున్నాడు?" అన్నాడు ఎస్సై.

"ఏ గుంటడు బాబూ?"

"సోలెడు తవుడు పోసి కొన్నవాడు. నీ మనవరాలు రాసింది."

"ఆడా? ఆడు సచ్చిపోనాడు బాబూ" అంది బుల్లమ్మ.

మా వైపు ఏ ఆడదీ ఆ మాట అనదు. చావు కంట పడకూడదని కొనుక్కున్న బిడ్డను, కన్నబిడ్డ కంటే జాగ్రత్తగా చూసుకుంటారు. వాడికి జ్వరం వస్తే కూడా జ్వరం అనరు, ఒళ్లు వెచ్చబడింది అంటారు. అలాంటిది ఈవిడ తన నోటితో నన్ను చంపేసింది. నా కోసం చంపేసింది.

"చచ్చిపోయినవాణ్ణి మాస్టారని రాస్తారా ఎవరైనా?"

"మేస్టారవుతాడని ఆశ పడ్డాను బాబూ. గుంటకి అలాగే సెప్పుకునేదాన్ని. పోనాడు."

"ఏ ఊళ్లో పోయాడు? ఎప్పుడు పోయాడు? కొరివి ఎవరు పెట్టారు?"

బుల్లమ్మ తడబడింది. ఆవిడకు అబద్ధాలు అల్లడం చేతకాదు. ఏదో ఊరి పేరు చెప్పింది, మళ్లీ కాదంది. ఎస్సై లేచి నిలబడి, ముసల్దాన్నీ పిల్లనీ ఇద్దర్నీ జీపెక్కించమన్నాడు. కానిస్టేబులు కూర్మమ్మ రెక్క పట్టుకున్నాడు. అప్పుడు ఆ పిల్లకు ఏడుపు ఆగలేదు. "నానమ్మా, ఈ ఏడు పరీచ్చలు" అంది. ఆ ఒక్క మాటే అంది.

"బతికే ఉన్నాడండి" అన్నాను.

అందరూ తిరిగి చూశారు.

"ఆ పిల్లాడు నేనే. నా పేరు తవిటయ్య. ఈవిడ నన్ను కొన్న తల్లి. ఈ పిల్ల నాకు తమ్ముడి కూతురు వరస అవుతుంది. ఇందులో రహస్యం ఏమీ లేదండి, నేను దాచుకున్న సిగ్గు తప్ప."

గణపతిరావుగారు నా చెయ్యి పట్టుకోబోయారు. నాకు ఒళ్లు తేలికైంది. నలభై రెండేళ్ల వయసులో మొదటిసారి నా అసలు పేరు నలుగురిలో పలికాను. పైకప్పు విరిగి పడలేదు, ఎవరూ నవ్వలేదు. ఇంత చిన్న సంగతికా నేను ఇన్నేళ్లు సందులు తిరిగాను అనిపించింది. కూర్మమ్మ కన్నీళ్లతోనే నా వైపు చూసింది. "సెప్పొద్దని మా నానమ్మ అంది పెదనాయనా. మీకు నామోషీ అవుతాదంట. నాను పేరు రాయనేదు" అంది. ఆ పిలుపుకు నాకూ కళ్లు చెమర్చాయి. బుల్లమ్మ మొహంలో ముడతలన్నీ కదిలాయి. ఒక అడుగు నా వైపు వేసింది.

ఎస్సై పుస్తకం బల్ల మీద విసిరి గట్టిగా నవ్వాడు.

"భలేవాడివయ్యా మాస్టారూ! టీ హోటల్లో నాకు ఈ పుస్తకం సంగతి చెప్పింది నువ్వే, ఇప్పుడు అందులో ఉన్నదీ నువ్వేనా? ఈ ముక్క ఆ రోజే చెబితే నాకు పెట్రోలు మిగిలేది కదా!"

టోపీ పెట్టుకుని, కానిస్టేబులును తీసుకుని వెళ్లిపోయాడు. గణపతిరావుగారు పుస్తకం తీసి, దుమ్ము దులిపి, కూర్మమ్మ చేతికిచ్చి, నా మొహం చూడకుండా కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. కూర్మమ్మ ఆ పుస్తకాన్ని మునుపటిలాగే గుండెకు ఆనించుకుంది. ఈసారి దాని చూపులో జాలి లేదు.

బుల్లమ్మకు ఆలస్యంగా అర్థమైంది. మనవరాలిని అడిగింది, ఏటంతన్నాడే ఆ పోలీసాయన అని. పిల్ల మెల్లిగా చెప్పింది. ముందుకు వేసిన అడుగును ముసలమ్మ వెనక్కి తీసుకుంది.

"అమ్మా" అన్నాను. పెళ్లినాటి చీర సంగతి, పందిట్లో అన్న మాట, అన్నీ ఒక్కసారే చెప్పుకోవాలనుకున్నాను.

ఆవిడ గుమ్మం దాటి గంప దగ్గర వంగి, కూర్మమ్మ చేత తలకెత్తించుకుంది. పొర కమ్మని కంటితో నన్ను ఎగాదిగా చూసింది. కోపం లేదు. కోపమే ఉంటే కాళ్ల మీద పడి ఉండేవాణ్ణి.

"నా గుంటడు సచ్చిపోనాడని ఇందాక అబద్దమాడినాననుకున్నాను బాబూ" అంది. "నిజమే సెప్పినానన్నమాట."

మనవరాలి భుజం పట్టుకుని వరండా మెట్లు దిగింది.